రష్యా విప్లవకాలంలో పోలిష్ సైనిక దళాలు అక్కడే ఎందుకు పుట్టాయి?

1795 నాటికే పోలండ్‌ను రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకోవడంతో, మొదటి ప్రపంచ యుద్ధంలో పోలిష్ యువకులు మూడు సైన్యాల్లోనూ చేరి ఒకరిపై ఒకరు తుపాకులు ఎక్కుపెట్టవలసి వచ్చింది. 1917లో జారు పాలన కూలాక, రష్యా సైన్యంలోని లక్షలాది పోలిష్ సైనికుల నుండి ప్రత్యేక దళాలను పెద్ద ఎత్తున కూర్చుకునే వీలు కలిగింది. జనరల్ దోవ్‌బోర్-ముష్నిట్స్కి నడిపిన మొదటి పోలిష్ కోర్ (అనేక డివిజన్లతో కూడిన పెద్ద సైనిక విభాగం) 1918 ఆరంభంలో బోల్షెవిక్‌లతో తలపడి నేటి బెలారస్‌లోని బొబ్రూయిస్క్ కోటను పట్టుకుంది గాని, మే నెలలో జర్మన్లు ఆ కోర్‌ను నిరాయుధం చేశారు.

నా దృష్టిలో వీటన్నిటిలోకీ హృదయవిదారకమైనది సైబీరియాలోని 5వ డివిజన్ గాథ. పూర్వపు జారు సైనికులతో పాటు, ఆస్ట్రియా, జర్మనీ సైన్యాల తరఫున పోరాడి రష్యాకు చిక్కిన పోలిష్ యుద్ధఖైదీలు కూడా అందులో చేరారు. అంటే నిన్నటి శత్రువులే ఒకే పతాకం కింద నిలిచారు. 1919 చివర, బోల్షెవిక్‌లపై పోరాడుతున్న రష్యా నాయకుడు కొల్చాక్ సేనలు వెనుదిరిగినప్పుడు, ట్రాన్స్-సైబీరియన్ రైలు మార్గంలో వెనుక కాపలా వీరిపైనే పడింది. గడ్డకట్టే చలిలో, పట్టాల నిండా ముందరి రైళ్లు నిలిచిపోగా, కుటుంబాలతో సహా చిక్కుకుపోయిన ఈ డివిజన్‌లో అధికభాగం 1920 జనవరిలో క్ల్యుక్వెన్నయా స్టేషన్ వద్ద బోల్షెవిక్ సేనలకు లొంగిపోయింది. లొంగడానికి ఒప్పుకోని కొందరు కర్నల్ రుమ్షా వెంట చైనాలోని హర్బిన్ చేరి, అక్కడి నుండి సముద్రమార్గాన అదే ఏడాది స్వదేశానికి వచ్చి, సోవియట్ సేనలతో అప్పటికే సాగుతున్న యుద్ధంలోకి దిగారు.