ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు వాపు తగ్గించే మాత్రలు వాడితే రోగం ముదురుతుందా?

ఏ మందు, ఏ ఇన్ఫెక్షన్ అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఐబుప్రోఫెన్ బాక్టీరియాను చంపడానికి ఇచ్చే మందు కాదు, వాపు, నొప్పి, జ్వరం తగ్గిస్తుందంతే. చిక్కల్లా అక్కడే. ఒళ్లు తేలికపడేసరికి డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేస్తాం. జర్మనీలో మూత్రంలో మంటతో వచ్చిన 494 మంది మహిళల్లో సగం మందికి యాంటీబయోటిక్, సగం మందికి ఐబుప్రోఫెన్ ఇచ్చి చూశారు (2015). ఐబుప్రోఫెన్ వాడినవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మందికి యాంటీబయోటిక్ అవసరమే పడలేదు. కానీ బాధ ఎక్కువ రోజులుంది. కిడ్నీకి ఇన్ఫెక్షన్ పాకినవాళ్లు వీళ్లలో ఐదుగురు, అవతల ఒక్కరే. తేడా చిన్నదే అయినా నాకైతే తీసిపారేయదగ్గదిగా అనిపించలేదు. 2019లో ఫ్రాన్స్ మందుల నియంత్రణ సంస్థ కూడా ఐబుప్రోఫెన్, అదే కోవకు చెందిన కీటోప్రొఫెన్ కొన్ని ఇన్ఫెక్షన్లను ముదరబెట్టవచ్చని హెచ్చరించింది. అన్నట్టు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే కాంబిఫ్లామ్‌లో ఉన్నదీ పారాసిటమాల్‌తో కలిపిన ఐబుప్రోఫెనే.

స్టెరాయిడ్ల సంగతి వేరు. మెనింజైటిస్‌లో (మెదడు పొరలకు వచ్చే ఇన్ఫెక్షన్) యాంటీబయోటిక్ దెబ్బకి బాక్టీరియా పగిలి, ఆ ముక్కల వల్లే మెదడు చుట్టూ వాపు ఇంకా పెరుగుతుంది. అందుకే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌ను మొదటి యాంటీబయోటిక్ డోసుకు కాస్త ముందుగానీ, దాంతోపాటుగానీ ఇస్తారు. 2002లో వెలువడిన యూరప్ అధ్యయనంలో 301 మంది పెద్దవాళ్లపై ఇలా చూస్తే మరణాలు 15 నుంచి 7 శాతానికి తగ్గాయి. ఆఫ్రికా దేశం మలావీలో మాత్రం ఇదే మందు ఫలితమివ్వలేదు. అక్కడి రోగుల్లో అత్యధికులకు హెచ్ఐవీ ఉంది.