బొమ్మలు కొనడం ఉద్యోగమవుతుందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. నాది రొయ్యల మేత వ్యాపారం. మా అమ్మాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి బీకాం రెండో సంవత్సరం చదువుతోంది. ఏడాదిగా వీధి చిత్రకారుల ప్రింట్లు, పోస్టర్లు కొంటోంది. ఈ మధ్య నాకు చెప్పకుండా రూ.18 వేలు పెట్టి ఆన్‌లైన్లో ఒకటి తెప్పించుకుంది. పదేళ్లలో దాని ధర పదింతలవుతుందట. ఇప్పుడు బీకాం మానేసి, ముంబైలో ఒక ప్రైవేటు సంస్థ నడిపే ఆరు నెలల కోర్సులో చేరి ఆర్ట్ కలెక్టర్ అవుతానని పట్టుబడుతోంది. ఫీజు మూడున్నర లక్షలు. ఇది చదువా, వ్యాపారమా, పిచ్చా?
– ఒక తండ్రి, కావలి

జవాబు: పిచ్చి మాత్రం కాదు. అయితే మీ అమ్మాయి అనుకుంటున్నట్టు అది ఉద్యోగమూ కాదు. చిత్రాలు సేకరించే వ్యక్తి డబ్బు ఖర్చు పెట్టేవాడే తప్ప జీతం తీసుకునేవాడు కాదు. జీతం తీసుకునేవారు అతని చుట్టూ ఉంటారు: చిత్రం అసలుదో కాదో తేల్చేవారు, వేలానికి జాబితా రాసేవారు, భద్రపరిచేవారు, రవాణా, బీమా, పన్నుల పనులు చూసేవారు. అమ్మాయికి దారి దొరికేది ఈ రెండో వర్గంలోనే, అందులోనూ వాణిజ్యశాస్త్రం చదివినవారికి తగిన పనులు చాలానే ఉన్నాయి కనుక, బీకాం మానేయడం చేతిలో ఉన్న పనిముట్టును పారేసుకోవడమే అవుతుంది.

పదింతల మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. బ్రిటన్‌కు చెందిన అజ్ఞాత వీధి చిత్రకారుడు బ్యాంక్సీ గీసిన బెలూన్ పాప చిత్రం 2018 అక్టోబరులో లండన్ సోథబీస్ వేలంలో అమ్ముడైన మరుక్షణమే, చట్రంలో దాచిన యంత్రం దాన్ని సగం వరకు పేలికలుగా కోసింది. ఆనాటి ధర సుమారు 10 లక్షల 42 వేల పౌండ్లు. పేలికలు వేలాడుతున్న అదే చిత్రం 2021 అక్టోబరులో కోటీ 85 లక్షల పౌండ్లకు పైగా పలికింది. ఈ కథ చెప్పేవారు రెండు సంగతులు వదిలేస్తారు. మొదటిది, 2018లో వేలంలో సుత్తి కొట్టి ఖాయం చేసిన ధర 8 లక్షల 60 వేల పౌండ్లే. మిగిలినది వేలం సంస్థ కొనుగోలుదారు నుంచి తీసుకునే రుసుము. కొన్నప్పుడు కట్టే ఈ రుసుమును, మళ్లీ అమ్మేటప్పుడు ఇచ్చుకునే కమీషన్‌ను తీసివేయకుండా లాభం లెక్కకట్టడం కుదరదు. రెండోది, 2020, 2021 సంవత్సరాల్లో ఎగబాకిన బ్యాంక్సీ ప్రింట్ల ధరలు ఆ తరువాత కిందికి దిగాయి. ఆ ఎత్తులో కొన్నవారి గురించి ఎవరూ వీడియోలు చేయరు.

మీ వ్యాపారంలో పోలిక చెప్పాలంటే, కిలోకు తూగే రొయ్యల లెక్కను బట్టి పలికే కౌంటు ధర పడిపోయినా చెరువులో రొయ్యకు ఆ రోజే ఏదో ఒక ధరకు కొనేవాడు దొరుకుతాడు. ప్రింటుకు ఆ హామీ కూడా లేదు, అమ్మాలనుకున్న రోజున అసలు కొనేవాడే కనిపించకపోవచ్చు. పైగా మన ఆదాయ పన్ను చట్టం ఇంట్లో వాడుకునే సామాన్లకు ఇచ్చే మినహాయింపు నుంచి నగలతో పాటు చిత్రాలను, శిల్పాలను, ఇతర కళాఖండాలను తప్పించింది. గోడకు తగిలించుకున్న బొమ్మే అయినా అమ్మి లాభం పొందితే అది మూలధన లాభంగా పన్ను లెక్కలోకి వస్తుంది. ఈ సంగతి అమ్మాయిని అడిగి చూడండి. ఆమె చదువుతున్న పుస్తకాల్లోదే.

ఇక ఆ రూ.18 వేల ప్రింటును ఒకసారి దగ్గరగా చూడమనండి. పరిమిత సంఖ్యలో తీసిన ప్రింటు అయితే సాధారణంగా అడుగు అంచున పెన్సిలుతో 34/150 వంటి అంకె ఉంటుంది, అంటే నూట యాభై ప్రతుల్లో ముప్పై నాలుగోది అని. దాని సరసన చిత్రకారుడి సంతకం ఉంటుంది. సంతకం కూడా బొమ్మతో పాటు అచ్చయిందో, పెన్సిలు గీత కాగితం మీద విడిగా మెరుస్తోందో వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే తెలిసిపోతుంది. అమ్మినవారి రసీదు, ప్రామాణికత పత్రం, ఇంతకుముందు ఎవరి దగ్గర ఉందో తెలిపే వివరం ఉన్నాయా? అవి లేకపోతే ఈరోజే మెయిల్ రాసి అడగమనండి. బ్యాంక్సీ విషయంలో అయితే పెస్ట్ కంట్రోల్ అనే ఆయన సొంత సంస్థ ఒక్కటే ధ్రువపత్రం ఇస్తుంది, గోడల మీద వేసినవాటికి అదీ ఇవ్వదు. గోడ పెచ్చుతో సహా ఊడదీసి తెచ్చిన బొమ్మల జోలికి పెద్ద సేకర్తలు సాధారణంగా పోకపోవడానికి అదొక కారణం.

ఒక హెచ్చరిక కూడా. మన తీరప్రాంతపు తేమకు కాగితం మీద గోధుమరంగు మచ్చలు త్వరగా లేస్తాయి. మామూలు ఫ్రేములు కట్టే దుకాణంలో ఇస్తే బొమ్మను జిగురుతో ప్లైవుడ్‌కు అంటించి, పైన లామినేషన్ చేసి ఇచ్చే ప్రమాదం ఉంది. ఆ తరువాత దానికి పోస్టరు విలువ మాత్రమే మిగులుతుంది. బొమ్మ వెనక పెట్టే ఆమ్లం లేని మౌంటు బోర్డు, అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ, ఎండా చెమ్మా తగలని లోపలి గోడ – ఇవి ఉంటే చాలు.

చదువు విషయానికి వస్తే, డిగ్రీ పూర్తయ్యాక కళాచరిత్రలోనో, మ్యూజియంల నిర్వహణ నేర్పే మ్యూజియాలజీలోనో పీజీ చేయడం సరైన మార్గమని నా అభిప్రాయం. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్, బరోడాలోని మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయపు ఫైన్ ఆర్ట్స్ విభాగం ఇందుకు పేరున్నవి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కళల విభాగమైన సరోజినీ నాయుడు స్కూల్‌ను కూడా పరిశీలించవచ్చు. బీకాం అభ్యర్థులను ఏ కోర్సుకు అనుమతిస్తారో ఆయా నోటిఫికేషన్లలో ముందే చూసుకోవాలి. పాత చిత్రాలను బాగుచేసే కన్జర్వేషన్ రంగానికి రసాయనశాస్త్రం పునాది కావాలి కనుక దాన్ని ఆమెకు సూచించను. కడపలోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం బొమ్మలు వేయదలచినవారికి తగినది. మీ ఉత్తరంలో ఎక్కడా అమ్మాయి కుంచె పట్టిన ప్రస్తావన లేదు.

ఉద్యోగాలు ముంబై, ఢిల్లీల్లోనే ఎక్కువ. గ్యాలరీల్లోనూ, శాఫ్రన్‌ఆర్ట్ వంటి వేలం సంస్థల్లోనూ, పెద్ద కంపెనీల సొంత సేకరణల్లోనూ జాబితాలు రాయడం, రికార్డులు నిర్వహించడం, ఒప్పందాలు చూడడం వంటి పనులుంటాయి. మొదట్లో జీతాలు ఊరించేలా ఉండవని ముందే చెప్పడం మంచిది. ఈ పనిలో చట్టం తెలిసినవారికి విలువ ఎక్కువ. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి పాడుచేసినందుకు, 2005లో ఢిల్లీ హైకోర్టు ప్రభుత్వాన్ని రూ.5 లక్షల పరిహారం చెల్లించమంది, మిగిలిన ముక్కలను ఆయనకు తిరిగి ఇవ్వమంది. వస్తువు అమ్ముకున్నా దాన్ని వికృతం చేయకుండా అడ్డుకునే హక్కు కళాకారుడికి ఉంటుందని మన కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ చెబుతుంది. రూ.10 వేలకు మించి తిరిగి అమ్ముడైన మూల చిత్రం ధరలో కళాకారుడికి వాటా ఉంటుందని అదే చట్టంలోని 53ఏ అంటుంది. న్యూయార్క్‌లో 5పాయింట్జ్ అనే పాత కర్మాగారం గోడల మీది గ్రాఫిటీ బొమ్మలకు యజమాని 2013లో రాత్రికి రాత్రే సున్నం కొట్టించినందుకు, 2018లో అక్కడి కోర్టు 21 మంది చిత్రకారులకు 67 లక్షల 50 వేల డాలర్లు ఇప్పించింది. గోడ ఎవరిది, బొమ్మ ఎవరిది అన్న తగాదాలో కాగితాలు సరిగా చదవగలిగినవారికి పని దొరుకుతుంది.

ఈ లోగా ఆమె సేకరణ ఆపనక్కరలేదు, కానీ ఖర్చుకు నెలవారీ హద్దు పెట్టండి. ఎంఎఫ్ హుస్సేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి బతికిన రోజులున్నాయి. ఫ్లెక్సీలు వచ్చి అటువంటి చేతిపనిని మింగేసినా, నెల్లూరు, ఒంగోలు బజార్లలో కుంచెతో బోర్డులు రాసిన పెద్దవారు ఇంకా ఉన్నారు; లారీల వెనక రాతలు, జువ్వలదిన్నె వైపు పడవల మీది రంగుల బొమ్మలు ఉన్నాయి. అటువంటి కళాకారుడి దగ్గర అడిగి, తగిన డబ్బిచ్చి, సంతకంతో ఒక చిన్న బోర్డు రాయించుకుని, పేరు, తేదీ, కొలతలు, వాడిన రంగు, ఇచ్చిన మొత్తం ఒక రిజిస్టరులో రాయమనండి. పదిమందీ ఆన్‌లైన్లో కొనే ప్రింట్లకన్నా ఇంటర్వ్యూలో చూపించడానికి ఆ రిజిస్టరు ఎక్కువ పనికొస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. సెలవుల్లో చెన్నై వెళ్తే కణ్ణగి నగర్‌లో ఇళ్ల గోడలంత ఎత్తున వేసిన చిత్రాలనూ, చోళమండలం కళాకారుల గ్రామాన్నీ చూపించండి. హైదరాబాద్ వెళ్తే ఇటువంటి గోడ చిత్రాలున్న మక్తా ప్రాంతం ఉంది.

మూడున్నర లక్షల కోర్సు సంగతి: ఆ సంస్థకు ఏ విశ్వవిద్యాలయ గుర్తింపు ఉందో, నిరుడు పూర్తిచేసినవారు ఏ గ్యాలరీలో ఏ హోదాలో ఉన్నారో రాతపూర్వకంగా అడగండి. సంతృప్తికరమైన జవాబు రాకపోతే ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. వచ్చినా సరే, డిగ్రీ చేతికందిన తరువాతే ఆలోచించండి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష దరఖాస్తులు సాధారణంగా డిసెంబరు, జనవరి నెలల్లో తెరుచుకుంటాయి. మూడో సంవత్సరంలో ఆ గడువు దాటిపోకుండా చూసుకుంటే ఆమెకు ఏడాది వృథా కాదు.