పాత 486 కంప్యూటర్‌లోకి ఫ్లాపీ, సీడీ లేకుండా నెట్‌వర్క్ మీదుగా సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఎలా?

మీరు చెప్పిన వివరాలివి. దేవరకొండలో మీ నాన్నగారు డీటీపీ పనికి వాడిన 486 డీఎక్స్2 కంప్యూటర్. 8 ఎంబీ ర్యామ్, 420 ఎంబీ హార్డ్ డిస్క్, డాస్ 6.22, విండోస్ 3.1. ఫ్లాపీ డ్రైవ్ చదవడం లేదు, సీడీ డ్రైవ్ అసలు లేదు, లోపల ఒక నెట్‌వర్క్ కార్డు మాత్రం ఉంది. మీ బాబాయిగారి దగ్గర డాస్ 6.22 ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. దాని ఫ్లాపీ డ్రైవ్ పనిచేస్తుంది కానీ నెట్‌వర్క్ పోర్టు లేదు. ఇంట్లో రౌటర్, కొత్త ల్యాప్‌టాప్ ఉన్నాయి. ఈ సరంజామాతో 486లోకి సాఫ్ట్‌వేర్ ఎక్కించవచ్చా అని మీ ప్రశ్న.

తప్పకుండా ఎక్కించవచ్చు. అయితే నెట్‌వర్క్ కలిసిన వెంటనే లోపలికి ఏదీ పంపకండి. ముందు మీ నాన్నగారి ఫైళ్లన్నీ బయటికి తీయండి. ఆ డిస్కు వయసు దాదాపు ముప్పై ఏళ్లు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే క్రమంలోనే అది ఆగిపోవచ్చు. వనపర్తిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి ఇంట్లో ఇలాంటి కంప్యూటర్ మీదే పనిచేశాను. ఆయన రాసుకున్న పాఠాలు, ప్రశ్నపత్రాలు అన్నీ కొత్త కంప్యూటర్‌లోకి తెచ్చాం. ఆ తర్వాత కొద్ది రోజులకే డిస్కు టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. ఆయన ఫైళ్లు మాత్రం మిగిలాయి. అందుకే నన్ను ఎవరు అడిగినా ఈ వరుసే చెబుతాను.

స్విచ్ వేయకముందు పెట్టె విప్పి మదర్‌బోర్డు చూడండి. చాలా 486 బోర్డుల మీద చిన్న పీపా ఆకారంలో నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. అది కారితే చుట్టుపక్కల రాగి గీతలను తినేస్తుంది. కారినా కారకపోయినా తీసేయండి. బ్యాటరీ లేకపోతే బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రాథమిక ప్రోగ్రాము) సెట్టింగులు నిలవవు కాబట్టి హార్డ్ డిస్క్ లేబుల్ మీద ఉన్న సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల సంఖ్యలు కాగితం మీద రాసిపెట్టుకోండి. మన జిల్లాల్లో వేసవి కరెంటు సంగతి మీకు తెలిసిందే, యూపీఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

డిస్కును విప్పి యూఎస్‌బీ అడాప్టర్‌తో కొత్త ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే సరిపోదా అని కొందరు సలహా ఇస్తారు. పెద్ద డిస్కులకు అది మంచి దారే. మీది 420 ఎంబీ. సుమారు 500 ఎంబీ లోపు పాత డిస్కుల్లో చాలావాటికి సెక్టార్లను వరుస సంఖ్యలతో గుర్తించే ఎల్‌బీఏ పద్ధతి తెలియదు, ఈ అడాప్టర్లలో ఎక్కువ వాటికి అది తప్ప మరొకటి తెలియదు. డిస్కు కనిపించకపోతే చెడిపోయిందనుకోకండి. తిరిగి 486లోనే పెట్టేయండి.

ఈ పనిలో అసలైన చిక్కు మొట్టమొదటి ఫైలు దగ్గరే ఉంది. నెట్‌వర్క్ కార్డు పనిచేయాలంటే దాని డ్రైవర్ 486లో ఉండాలి, ఆ డ్రైవర్ లోపలికి వెళ్లడానికి నెట్‌వర్క్ ఇంకా లేదు. ఇక్కడ మీ బాబాయిగారి ల్యాప్‌టాప్ అక్కరకు వస్తుంది. డాస్ 6 నుంచి మైక్రోసాఫ్ట్ ఇంటర్‌లింక్ అనే సదుపాయాన్ని డాస్‌తోనే ఇచ్చింది. రెండు కంప్యూటర్లను సీరియల్ కేబుల్‌తో కలిపితే ఒకదాని డ్రైవులు రెండోదానిలో అదనపు డ్రైవులుగా కనిపిస్తాయి. మీ 486లో డాస్ ఫోల్డర్ తెరిచి చూడండి, ఆ ప్రోగ్రాములు అక్కడే ఉండాలి.

దీనికి మామూలు సీరియల్ కేబుల్ పనికిరాదు, పంపే తీగ అవతలి స్వీకరించే తీగకు కలిసేలా అడ్డంగా మార్చిన నల్ మోడెమ్ కేబుల్ కావాలి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో అడిగి చూడండి. దొరకకపోతే కోఠిలో కనెక్టర్లు కొని సోల్డర్ చేసుకోవచ్చు. తొమ్మిది పిన్నుల కనెక్టర్లయితే 2ను అవతలి 3కు, 3ను 2కు, 5ను 5కు కలపాలి. ఇంటర్‌లింక్‌కు ఈ మూడు తీగలు చాలు. నేనైతే 4ను 6కు, 6ను 4కు, 7ను 8కి, 8ని 7కు కూడా కలిపి ఏడు తీగల కేబుల్ చేసుకుంటాను. ఎందుకంటే అవతలి కంప్యూటర్‌లో ఇంటర్‌లింక్ లేకపోయినా, దాని కీబోర్డు అధికారాన్ని సీరియల్ పోర్టుకు అప్పగించి, ఆ తీగ మీదుగానే ఇంటర్‌లింక్‌ను పంపే ఏర్పాటు డాస్‌లో ఉంది. దానికి ఏడు తీగలూ ఉండాలి. ఫ్లాపీ, సీడీ, నెట్‌వర్క్ ఏదీ లేని యంత్రంలోకి మొదటి ప్రోగ్రామును చేర్చే దారిని ఆ రోజుల్లోనే ఆలోచించి పెట్టినవారి మీద నాకు ఎంతో గౌరవం.

మౌస్ ఏ పోర్టులో ఉందో చూసుకోండి. ఆ కాలపు మౌసు చాలావరకు సీరియల్ మౌసే, సాధారణంగా కామ్1లో, అంటే మొదటి సీరియల్ పోర్టులో ఉంటుంది. ఇంటర్‌లింక్ పోర్టులన్నీ వెతుకుతూ మౌస్ దగ్గర చిక్కుకుపోవచ్చు. కాబట్టి డాస్ మొదలయ్యేటప్పుడు చదివే కాన్ఫిగ్ ఫైలులో ఇంటర్‌లింక్ డివైస్ వరుస రాసేటప్పుడే కామ్2 అని స్పష్టంగా పేర్కొనండి. చాలా కంప్యూటర్లకు కామ్2 ఇరవై ఐదు పిన్నుల పోర్టు, కేబుల్ కొనేటప్పుడు అది గుర్తుంచుకోండి.

సీరియల్ తీగ మీద గరిష్ఠ వేగం సెకనుకు 115200 బిట్లు, అంటే సుమారు 11 కేబీ. ఒక ఫ్లాపీ నిండా సరుకు దాటడానికి రెండు నిమిషాలకు పైగా పడుతుంది. మీ 420 ఎంబీ డిస్కు మొత్తం ఈ దారిలో తీయాలంటే పది గంటలు. అందుకే ఈ తీగతో డ్రైవర్, నెట్‌వర్క్ ప్రోగ్రాములు మాత్రమే దాటించండి. కొత్త ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ తగిలించి వాటిని ఒకే ఫ్లాపీలో రాసి, బాబాయిగారి ల్యాప్‌టాప్‌లో పెట్టి, అక్కడి నుంచి తీగ మీదుగా 486కు పంపండి.

ఇక కార్డు సంగతి. ఆ కాలంలో మన దగ్గర అసెంబుల్ చేసిన కంప్యూటర్లలో ఎక్కువగా ఎన్ఈ2000 రకం కార్డులే ఉండేవి. నెట్‌వేర్ అనే నెట్‌వర్క్ సర్వర్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన నోవెల్ సంస్థ పెట్టిన పేరది. 1990లలో నల్గొండ క్లాక్ టవర్ దగ్గరి ఒక శిక్షణ కేంద్రంలో నేను పనిచేసేటప్పుడు మా ల్యాబ్ అంతా వాటి మీదే నడిచేది. నోడ్‌లకు, అంటే సర్వర్‌కు కలిపిన కంప్యూటర్లకు, హార్డ్ డిస్కులు ఉండేవి కావు. కార్డు మీదున్న బూట్ రోమ్ సర్వర్ నుంచి డాస్‌ను తెచ్చుకునేది, ఎఫ్ డ్రైవ్ మీద లాగిన్ అడిగేది. ఏ సాఫ్ట్‌వేరైనా సర్వర్‌లో ఒక్కసారి ఎక్కిస్తే చాలు, పిల్లలందరికీ అందేది. గుండ్రటి కోయాక్సియల్ కేబుల్ చివర 50 ఓమ్‌ల టెర్మినేటర్ ఊడితే మాత్రం అన్ని నోడ్‌లూ ఒకేసారి ఆగిపోయేవి. మీ కార్డుకు ఆ గుండ్రటి కనెక్టర్‌తో పాటు చదరపు ఆర్‌జే45 సాకెట్ కూడా ఉంటే, ఆర్‌జే45 ఎంపికై ఉందో లేదో జంపర్ ద్వారానో, కార్డు సెటప్ ప్రోగ్రాము ద్వారానో చూసుకోవాలి. చాలా కార్డుల మీద రియల్‌టెక్ 8019 చిప్ ఉంటుంది, దానికి సెటప్ ప్రోగ్రాము విడిగా ఉంది. ప్లగ్ అండ్ ప్లే ఆపేసి, అడ్రసు 300, ఇంటరప్ట్ (కార్డు ప్రాసెసర్‌ను పిలిచే సంకేత సంఖ్య) 10 అని స్థిరంగా పెట్టండి. ఎన్ఈ2000 కార్డులు తరచుగా ఇంటరప్ట్ 3తో వస్తాయి, కామ్2 వాడేదీ అదే. ఇంటర్‌లింక్ నడిపిన పోర్టు, నెట్‌వర్క్ కార్డు ఒకే ఇంటరప్ట్ కోసం కొట్టుకుంటే తప్పు ఎక్కడుందో కనిపెట్టడం కష్టం.

డ్రైవర్ విషయంలో ప్యాకెట్ డ్రైవర్ అనే చిన్న రకం ఎంచుకోండి. దాని మీద నడవడానికి ఎంటీసీపీ అనే ఉచిత డాస్ ప్రోగ్రాముల సముదాయం ఉంది, తొలితరం పీసీల మీద కూడా పనిచేస్తుంది. రౌటర్ నుంచి అడ్రసు తీసుకోవడం, అవతలి యంత్రం అందుతోందో చూసే పింగ్, నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాటించే ఎఫ్‌టీపీ, ఎఫ్‌టీపీ సర్వర్ అన్నీ అందులో ఉన్నాయి. ఇందులో నాకు ప్రాణప్రదమైనది ఎఫ్‌టీపీ సర్వర్. 486ను సర్వర్‌గా నిలబెడితే కొత్త ల్యాప్‌టాప్‌లో ఫైల్‌జిల్లా అనే ఎఫ్‌టీపీ ప్రోగ్రాము తెరిచి పాత సీ డ్రైవ్ అంతా కళ్లెదుట చూడవచ్చు, ఇటు తీయవచ్చు, అటు పంపవచ్చు. ఒకేసారి ఒక్క ఫైలే దాటేలా ఫైల్‌జిల్లాలో పెట్టండి. బదిలీ బైనరీ పద్ధతిలోనే జరగాలి. టెక్స్ట్ పద్ధతిలో వెళితే వరుస చివరి గుర్తులు మారి ప్రోగ్రాము పాడవుతుంది.

విండోస్ షేరింగ్ ద్వారా కలపమని చెప్పేవారి మాట వినకండి. దానికోసం కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ షేరింగ్ వాడే ఎస్‌ఎంబీ పద్ధతి మొదటి వెర్షన్‌ను తిరిగి తెరవాలి. 2017లో ఫైళ్లను బంధించి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వ్యాపించింది ఆ వెర్షన్‌లోని లోపం ద్వారానే. ఒక పాత యంత్రం కోసం ఇంట్లోని కొత్త యంత్రాల తలుపు తీసిపెట్టనక్కర్లేదు. ఎఫ్‌టీపీలో కూడా పాస్‌వర్డ్ దాపరికం లేకుండా వెళుతుంది కాబట్టి పని జరిగేంతసేపు రౌటర్ నుంచి ఇంటర్నెట్ తీగ పీకేయండి. రౌటర్ మరీ కొత్తదై 10 ఎంబీపీఎస్ వేగాన్ని అంగీకరించకపోతే మధ్యలో పాత 10/100 స్విచ్ ఒకటి పెట్టండి.

ఇప్పుడు మీ నాన్నగారి ఫైళ్లు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు ఉన్న ఫోల్డర్లు మాత్రమే తీసుకుంటే సరిపోదు. ఆ కాలపు తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు, ఒక్కో కంపెనీది ఒక్కో అమరిక. ఫాంటు లేకపోతే ఫైలు తెరిచినా పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్ ఫోల్డర్‌లో టీటీఎఫ్, ఎఫ్‌ఓటీ ఫైళ్లు ఉంటాయి, వాటితో సహా సీ డ్రైవ్ మొత్తం తెచ్చుకోండి. ప్రింటర్ పోర్టుకు చిన్న పెట్టెలాంటి లాక్ తగిలించి ఉంటే దాన్ని జాగ్రత్తగా దాచండి. కొన్ని డీటీపీ సాఫ్ట్‌వేర్లు అది లేనిదే తెరుచుకోవు, నెట్‌వర్క్ మీదుగా దాన్ని పంపలేం.

అంతా భద్రమయ్యాక ఎక్కించడం తేలిక. ఫ్లాపీ ఇమేజీలను (ఒక్కో ఫ్లాపీ మొత్తాన్ని ఒకే ఫైలుగా తీసిన నకళ్లను) కొత్త ల్యాప్‌టాప్‌లో సెవెన్‌జిప్‌తో విప్పి, ఒక్కో సాఫ్ట్‌వేరును ఒక జిప్ ఫైలుగా కట్టి పంపండి. డాస్‌లో విప్పేటప్పుడు దారిలో ఏదైనా పాడై ఉంటే జిప్ తానే చెబుతుంది. ఫైలు పేర్లు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు అక్షరాలు మించకూడదు. అన్ని ఫ్లాపీల సరుకూ ఒకే ఫోల్డర్‌లో వేసి సెటప్ నడిపితే చాలా ప్రోగ్రాములు మళ్లీ ఫ్లాపీ అడగవు. అడిగితే డిస్క్1, డిస్క్2 అని వేర్వేరు ఫోల్డర్లు చేసి, అడిగినప్పుడు ఆ దారి టైప్ చేయండి. డ్రైవ్ అక్షరమే కావాలని పట్టుబట్టే ప్రోగ్రాములకు సబ్‌స్ట్ కమాండుతో ఫోల్డర్‌ను డ్రైవుగా చూపించండి, అది మాత్రం విండోస్ మొదలుపెట్టకముందే చేయాలి. ఒరిజినల్ ఫ్లాపీ డ్రైవులోనే ఉండాలనే రక్షణ ఉన్నవాటికి ఈ దారి పనిచేయదు. వాటి కోసం ఫ్లాపీ డ్రైవ్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూడండి, చాలాసార్లు దుమ్మే కారణం.

కార్డు విప్పినప్పుడు పెద్ద చిప్ మీద ఉన్న అక్షరాలు, అంకెలు, కనెక్టర్ల రకం ఇక్కడ రాయండి. దానికి ఏ ప్యాకెట్ డ్రైవర్ సరిపోతుందో, కాన్ఫిగ్ ఫైళ్లలో ఏ వరుస ఎక్కడ రాయాలో చెబుతాను.