టీ-సిరీస్ క్యాసెట్లు అంత చవగ్గా ఎలా వచ్చాయి?

కోఠిలో పాత హిందీ క్యాసెట్లు తిరగేస్తే టీ-సిరీస్‌వే ఎక్కువ దొరుకుతున్నాయి, ఎందుకని అడిగారు. ధరే కారణం. ఢిల్లీ దర్యాగంజ్‌లో పండ్లరసాల దుకాణం నడిపిన కుటుంబంలోంచి వచ్చిన గుల్షన్ కుమార్ 1980ల మొదట్లో ఈ కంపెనీ పెట్టారు. పాత హిట్ల హక్కులు ఎక్కువగా హెచ్ఎంవీ అనే రికార్డు కంపెనీవి. అయితే 1957 కాపీరైట్ చట్టంలో అప్పుడున్న 52వ సెక్షన్ ప్రకారం నోటీసిచ్చి, రాయల్టీ కడితే అదే పాటను వేరే గొంతుతో మళ్లీ రికార్డు చేసుకునే వీలుండేది. ఆ సందులోంచే ఈయన దూరారు. కొత్త గాయకులతో చవగ్గా పాడించి పాన్ డబ్బాల్లో, కిరాణా కొట్లలో కూడా అమ్మించారు. ఆ పాటల్లో చాలావాటిని మొదట పాడిన రఫీ అభిమానులకు ఒళ్లు మండేది. నిజానికి కొన్ని వినలేం కూడా. కానీ సోనూ నిగమ్‌కి తొలి పేరు అలాగే వచ్చింది. 1997లో గుల్షన్ ముంబైలో హత్యకు గురయ్యారు. కంపెనీ ఆగలేదు: 2019లో యూట్యూబ్‌లో 10 కోట్ల సబ్‌స్క్రైబర్లు దాటిన తొలి ఛానల్ అదే.