కేరేజీల డబ్బు ఎటు పోతోంది?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నా పుట్టిల్లు ఆంధ్రాలో టెక్కలి దగ్గర పల్లె, నా రేషను పేరు ఇంకా అక్కడి కార్డులోనే ఉంది. మావారు బట్టల షాపులో చేస్తారు, జీతం 12,000. పెళ్లిళ్ల సీజను అయిపోతే పని రోజులు తగ్గించేస్తారు. ఇద్దరు పిల్లలు, అత్తగారు. ఏడు నెలలుగా ఇంట్లో వండి రోజుకు ఎనిమిది కేరేజీలు ఇస్తున్నాను, ఒక్కోటి 60 రూపాయలు. నెలకు 24 రోజులు. పొద్దున్న ఐదింటికి లేచి పదిన్నర దాకా పొయ్యి దగ్గరే ఉంటాను, రాత్రిళ్లు జాకెట్లు కుడతాను. కూరగాయలకు 150 పోగా రోజుకు 330 మిగలాలి కదా, నెలాఖరుకు చూస్తే చేతిలో ఏమీ ఉండదు. మొన్న అత్తగారు పక్కింటివాళ్ల ముందు, "నూనె డబ్బా పదిహేను రోజులు కూడా రావట్లేదు, మా కోడలు కూడు అమ్ముకుంటోంది" అన్నారు. మావారు పక్కనే ఉండి నోరు మెదపలేదు. ఇదంతా మానేసి ఏదైనా షాపులో చేరిపోనా?

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాటలో రెండు ముక్కలున్నాయి. మీరు రెండో ముక్కకి ఏడ్చారు. నేను మొదటి ముక్క దగ్గర ఆగిపోయాను. కోపం తెచ్చుకోకండి గానీ, నూనె డబ్బా సంగతిలో ఆవిడ చెప్పింది నిజం.

మీరు ఖర్చు కింద రాసింది కూరగాయలు ఒక్కటే. మరి బియ్యం? కేరేజీకి నూట యాభై గ్రాములు వేసుకున్నా ఎనిమిదింటికి కిలో పావుకు దగ్గర, 54 రూపాయలు. పప్పు నాలుగు వందల గ్రాములు, 52. నూనె పోపులకీ వేపుళ్లకీ కలిపి రెండు వందల మిల్లీలీటర్లు, 30. గ్యాసు 25, పెరుగు 40, చింతపండు, కారం, మిగతా పోపు సామాను 15. ధరలు నా అంచనా, మీ కొట్లో రూపాయి అటూ ఇటూ ఉండొచ్చు. కూడితే 216. ఇవన్నీ మీ ఇంటి డబ్బాల్లోంచే పోతున్నాయి కాబట్టి మీకు కనపడలేదు. డబ్బా మూత తీసే ఆవిడకి కనపడింది. రోజుకు రెండు వందల మిల్లీలీటర్లంటే 24 రోజులకు దాదాపు ఐదు లీటర్ల డబ్బా మొత్తం అమ్మా!

అంటే రోజుకు మిగిలేది 330 కాదు, 114. నెలకు 2,736. పొద్దున్న ఐదింటికి లేచి పదిన్నర దాకా పొయ్యి దగ్గరే ఉంటానని రాశారు. గంటకు ఇరవై రూపాయలకు కాస్త పైన. మీ కష్టానికి ఇది కూలి కాదు.

నేనూ ఈ తప్పు చేసినదాన్నే. బరంపురంలో కాపురం పెట్టిన కొత్తలో చీరలకు ఫాల్స్ కుట్టేదాన్ని. దారం, కరెంటు నా ఖర్చే అన్న ఊహే లేదు. ఏడాది తర్వాత తెలిసింది, కొన్ని చీరలకు ఎదురు డబ్బిచ్చి మరీ కుట్టానని.

కాబట్టి ముందు డబ్బాలు వేరు చెయ్యండి. కేరేజీల బియ్యం, పప్పు, నూనె వేరే కొనండి, వేరే అరలో పెట్టండి. ఆ అరలోంచి ఇంటికి గరిటెడు తీసినా రాయండి, ఇంటి డబ్బాలోంచి ఇటు తీసినా రాయండి. రేషను బియ్యం మాత్రం కేరేజీల్లో వెయ్యకండి, అవి ఇంట్లో తినడానికిచ్చినవి, అమ్మకానికి కాదు. అలాగే ఇంట్లో వండి అమ్మేవాళ్లు కూడా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, రిజిస్ట్రేషను చేయించుకోవాలి. చిన్నవాళ్లకు ఫీజు ఏడాదికి 100 రూపాయలే. రేపు ఏ హాస్టలువాళ్లో ఇరవై కేరేజీలు అడిగితే ఆ కాగితం పనికొస్తుంది.

వంట సంగతి. ఇంటికొకటి, కేరేజీలకొకటి వండుతున్నారు. ఎందుకు? గురువారం మీ ఒడియా ఖాతాదార్లు నీసు ముట్టరు, చాలామంది ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దంటారు. మార్గశిర గురువారాలైతే మరీను. ఆ రోజు అందరికీ డాల్మా పెట్టండి. పప్పులోనే గుమ్మడి, అరటికాయ, బొప్పాయికాయ వేసి ఉడికించి, పైన వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లితే పప్పూ కూరా ఒకే గిన్నెలో తేలిపోతాయి. ఇంకో రోజు ములగాకు పప్పు, ఇంకో రోజు ఉలవచారు. ఇంట్లో పొద్దుటి టిఫినుకు చోడి (రాగి) అంబలి కాయండి. పిల్లలు మొహం ముడిస్తే మజ్జిగ కలిపి, పచ్చి ఉల్లిపాయ ముక్క నంజుకోమనండి. వారానికి నాలుగు రోజులు ఇడ్లీ రుబ్బే బాధ తప్పుతుంది.

ఇంటి నుంచి చేసే పని "వీలున్నప్పుడు చేసుకోవచ్చు" అని మొదలవుతుంది. చివరికి మిగతా అందరికీ వీలుగా, మీకొక్కరికే వీలు లేకుండా తయారవుతుంది. రాత్రి పదింటికి ఫోనులో "రేపు రెండు ఎక్కువ పంపండి" అని మెసేజి పెడితే సరేనంటున్నారు, పదకొండు దాకా మిషను తొక్కుతున్నారు. ఎనిమిది దాటాక ఆర్డరు తీసుకోకండి. జాకెట్లు వారానికి రెండే. సీజనులో ఎక్కువ కుట్టుకుందురు గాని.

మీ రేషను పేరు ఇంకా టెక్కలి కార్డులోనే ఉందన్నారు. అక్కడ తీయించి ఇక్కడ చేర్పించుకోండి, ఏరు దాటి వచ్చిన కోడళ్లందరికీ ఇదే తంటా. ఒడిశాలో సుభద్ర పథకం 2024 సెప్టెంబరులో మొదలైంది. 21 నుంచి 60 ఏళ్ల ఆడవాళ్లకు ఏడాదికి 10,000 చొప్పున ఐదేళ్లలో 50,000. డబ్బు రెండు విడతలుగా బ్యాంకులో పడుతుంది. దానికి ఇక్కడి కార్డు కావాలి, లేదా ఆదాయం 2.5 లక్షల లోపని కాగితం చూపాలి. దరఖాస్తు సంగతి మీ అంగన్‌వాడీలో అడగండి.

ఇక "కూడు అమ్ముకోవడం". అన్నం అమ్మితే పాపమని నమ్మిన తరం ఆవిడది. పూరీ వెళ్లినప్పుడు జగన్నాథుడి గుడి ఆనందబజారులో మహాప్రసాదం డబ్బిచ్చే కదా కొనుక్కుంటాం అని నాకు నోటిదాకా వచ్చింది. మీరు మాత్రం అనకండి, అలాంటి సమాధానాలు ఇంట్లో మంట పెడతాయి. వేరే అర చూపించి, "ఇకమీదట మీ డబ్బా ముట్టను అత్తయ్యా" అనండి చాలు. పక్కింటివాళ్ల ముందు అన్నందుకు నొచ్చుకున్నానని కూడా చెప్పండి, ఒంటరిగా ఉన్నప్పుడు, ఒక్కసారే.

మీవారిని వాళ్ల అమ్మతో పోట్లాడమనకండి. షాపులో రోజంతా బిల్లులు రాసే మనిషి, రాత్రి పది నిమిషాలు కేరేజీల పద్దు రాయమనండి. తన చేత్తో రాసిన అంకెల్ని ఆయనే అమ్మ ముందు వెనకేసుకొస్తారు.

షాపులో చేరడం రెండు నెలలు ఆపండి. అప్పటికీ నెలకు నాలుగు వేలు చేతికి రాకపోతే మళ్లీ రాయండి, అప్పుడు నేనే వెళ్లమంటాను.

ఈలోగా ఒకటో తారీఖు నుంచి కేరేజీ 70 అని ఇవాళే అందరికీ చెప్పండి. "ఏమీ అనుకోకండి" లాంటివి కలపకుండా చెప్పండి. ఎనిమిదిమందీ ఉంటే రోజుకు 194 మిగులుతుంది. ఇద్దరు మానేస్తారని భయపడుతున్నారేమో, మానేయనివ్వండి. ఒక్కో కేరేజీకి మీకయ్యేది దాదాపు 46. ఆరుగురికే పెట్టినా రోజుకు 144 వస్తుంది, ఇప్పుడు ఎనిమిదిమందికి వండితే వచ్చే 114 కన్నా ముప్ఫై ఎక్కువ.