యాభై ఊళ్ల కంటే ముందు మే నెల

ప్రశ్న: మా మహిళా సంఘం ఊళ్లో గంటకు 1,000 లీటర్ల ఆర్వో ప్లాంటు నడుపుతోంది. 20 లీటర్ల టిన్ను 8 రూపాయలు. మూడేళ్లలో యాభై ఊళ్లకు వెళ్లాలని మా ఆశ. ఇంత పెద్ద లక్ష్యం తప్పా?
- ఒక పాఠకురాలు, రాజోలు ప్రాంతం

జవాబు: తప్పేం కాదమ్మా, పెట్టుకోండి. కాకపోతే ఊళ్లు లెక్కపెట్టకండి. కాలువలకు నీళ్లు ఆపేసిన మే నెలలో కూడా రోజూ మీ నీళ్లు అందే ఇళ్లెన్నో లెక్కపెట్టండి.

నలుగురున్న ఇంటికి తాగడానికి, వంటకు రోజుకో టిన్ను కావాలి. మీ ప్లాంటు 8 గంటలు నడిస్తే 400 టిన్నులు. ఊళ్లో 900 గడపలుంటే సగం కూడా అందనట్టే. ముందు రెండో షిఫ్టు వేయండి. అయితే బోరును ఒకే బిగిన తోడకండి, కింది ఉప్పునీరు పైకి లాగుతుంది. విడతలుగా తోడి ట్యాంకు నింపుకోండి. సముద్రం దగ్గర, రొయ్యల చెరువుల పక్కన ఇది మరీ ముఖ్యం. ఉప్పు పెరిగేకొద్దీ మంచినీరు తగ్గి, వదిలేసే నీరు పెరుగుతుంది. సగమే మంచినీరుగా వస్తే 8,000 లీటర్లకు 16,000 తోడాలి. ఆ వదిలే నీటిని పంట బోదెలోకి పంపొద్దు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వారం వారం బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత), శుద్ధి చేసిన నీటి టీడీఎస్ రెండూ పుస్తకంలో రాయండి. బోరుది మారకుండా రెండోది పెరుగుతుంటే మెంబ్రేన్‌ను, అంటే ప్లాంటులో ఉప్పును ఆపే పొరను, మెకానిక్‌కు చూపించాలి.

నీళ్లు బాగున్నా టిన్ను పాడు చేస్తుంది. ఆర్వో నీటిలో క్లోరిన్ మిగలదు కాబట్టి సరిగా కడగని టిన్నులో క్రిములు పెరుగుతాయి. నెలకోసారి కొన్ని ఇళ్లలోని టిన్నుల నుంచే నీళ్లు తీసి హెచ్‌టుఎస్ సీసాల్లో (మల క్రిములు చేరాయేమో చూపే పరీక్ష సీసాలు) పరీక్షించండి. నీళ్లు నల్లబడితే మలినం చేరినట్టే.

ఇక డబ్బు. జీతం, కరెంటు పోగా మిగిలిందంతా లాభం అనుకుంటే, రెండు మూడేళ్లకు మెంబ్రేన్లు మార్చే రోజున చేతిలో పైసా ఉండదు. ప్లాంటు మూలపడేది అక్కడే. టిన్నుకు రూపాయి వేరే ఖాతాలో వేయండి. 400 టిన్నుల మీద నెలకు 12,000.

కొత్త ఊరికి షరతు ఒకటే పెట్టుకోండి: ఇప్పుడున్న ప్లాంటు ఒక పూర్తి వేసవి ఆగకుండా నడవాలి, పైన చెప్పిన రూపాయి పక్కన పడాలి. మొదట ఒకే మెకానిక్ సాయంత్రంలోగా చేరుకోగల రెండు ఊళ్లు చాలు. అన్ని ఊళ్ల సంఘాలూ కలిసి 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరు కావచ్చు. స్థలం, బోరు విషయం మాత్రం పంచాయతీ తీర్మానంగా రాయించుకోండి. సర్పంచి నోటిమాట వచ్చే ఎన్నికల దాకానే.