పాఠకుల ప్రశ్నలు: ఈ వారం మంచు మీద జంటలు

ప్ర: మా అమ్మాయి ఫోన్లో ఒక వీడియో చూపించింది, మంచు మీద అబ్బాయి అమ్మాయిని అమాంతం విసిరేస్తున్నాడు, నాకైతే గుండె ఆగినంత పనైంది. ఐస్ డాన్స్ అంటే ఇదేనా? (శ్రీకాకుళం నుంచి ఒక పాఠకురాలు)

జ: కాదండీ, ఇది పెయిర్ స్కేటింగ్. ఐస్ డాన్స్‌లో కూడా అబ్బాయీ అమ్మాయే ఉంటారు కానీ తలపైకి ఎత్తడాలు, విసరడాలు అక్కడ కుదరవు, అంతా అడుగుల మీదే. పెయిర్స్‌లో మీరు చూసినదాన్ని త్రో జంప్ అంటారు. అతను నడుం పట్టుకుని విసురుతాడు, ఆమె గాల్లో చేతులు గుండెకి అదుముకుని మూడు చుట్లు తిరిగి, వెనక్కి జారుతూ ఒంటికాలి మీద దిగాలి. ఆ కాలి కింద ఉండే బ్లేడు మందం 4 మిల్లీమీటర్ల చిల్లర, అంతే. విసిరేవరకే అతని బాధ్యత, దిగడం మాత్రం పూర్తిగా ఆమె ఖర్మ. మీ గుండె ఆగడంలో తప్పేం లేదు.

ప్ర: 2018 ఒలింపిక్స్‌లో గోల్డ్ కొట్టిన జర్మనీ జంటలో అమ్మాయికి అప్పటికే 34 ఏళ్ళట కదా, అంతకాలం ఏం చేసిందండీ? (నిజామాబాద్)

జ: ఏం చేయలేదో అడగండి, జవాబు చిన్నదవుతుంది. ఆమె పేరు అల్యోనా సావ్చెంకో, పుట్టింది ఉక్రెయిన్‌లోని ఒబుఖివ్‌లో. 2000లో స్తానిస్లావ్ మొరొజోవ్‌తో కలిసి జూనియర్ వరల్డ్ చాంపియన్ అయింది, 2002 ఒలింపిక్స్‌లో 15వ స్థానం, తర్వాత ఆ జంట విడిపోయింది. మీ ఆట ఎంత బాగున్నా పక్కన మనిషి లేకపోతే ఇంట్లో కూర్చోవాల్సిందే, అదీ ఈ ఆటతో వచ్చిన చిక్కు. మన సంబంధాల వేట లాంటిదే అనుకోండి, ఎత్తూ బరువూ కుదరాలి, కోచ్‌కి నచ్చాలి, పైగా పాస్‌పోర్టు కూడా కలవాలి. ఆమె 2003లో జర్మనీలోని కెమ్నిట్స్ వెళ్ళిపోయి రాబిన్ షోల్కొవితో జత కట్టింది, కోచ్ ఇంగో ష్టోయర్. జర్మనీ పౌరసత్వం 2006 టురిన్ ఒలింపిక్స్‌కి కాస్త ముందే చేతికొచ్చింది, అక్కడ ఆరో స్థానం. ఆ తర్వాత మాత్రం ఆపేవాళ్ళే లేరు, 2008, 2009, 2011, 2012, 2014ల్లో మొత్తం ఐదు వరల్డ్ టైటిల్స్. ఒలింపిక్ గోల్డ్ ఒక్కటే చిక్కలేదు, 2010లో బ్రాంజ్, 2014 సోచిలో మళ్ళీ బ్రాంజే. సోచిలో ప్రోగ్రాం చివర్లో త్రో ట్రిపుల్ ఆక్సెల్ అనే భలే కష్టమైన త్రో జంప్ పెట్టుకుని పడిపోయింది. దాన్ని వదిలేసి సేఫ్‌గా ఆడొచ్చు కదా అనేవాళ్ళున్నారు గానీ అలా ఆడితే ఆమె ఆమె కాదనిపిస్తుంది నాకు.

ఇక్కడో చిన్న గాసిప్. సోచిలో గోల్డ్ కొట్టిన రష్యా జంటలో అమ్మాయి తత్యానా వొలొసొజార్ కూడా ఉక్రెయిన్ పిల్లే, మన అల్యోనా పాత పార్ట్‌నర్ మొరొజోవ్‌తోనే కొన్నేళ్ళు ఆడింది, కొంతకాలం వాళ్ళిద్దరూ కెమ్నిట్స్‌లో ష్టోయర్ దగ్గరే ప్రాక్టీస్ కూడా చేశారు. ఎంత చిన్న లోకమో చూడండి!

ప్ర: మరి 2018లో పక్కనున్నది ఆ షోల్కొవి కాదుగా? (అదే పాఠకుడు, ఇంకో ఉత్తరంలో)

జ: కాదు. అతను 2014లో రిటైర్ అయ్యాడు. అందరూ ఆమె కూడా ఆపేస్తుందనుకుంటే, అప్పటికి 30 నిండిన మనిషి, ఫ్రాన్స్ కుర్రాడు బ్రునో మాసోని పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. అతన్ని వదలడానికి ఫ్రాన్స్ స్కేటింగ్ ఫెడరేషన్ చాలాకాలం ఒప్పుకోలేదు, దాంతో ఒక సీజన్ మొత్తం పోటీల్లేకుండా ఓన్లీ ప్రాక్టీస్. చివరికి 30,000 యూరోలు కడితే గానీ వదల్లేదు. అక్కడితో అయిపోయిందా అంటే లేదు. వరల్డ్ చాంపియన్‌షిప్‌లో ఇద్దరి దేశాలు వేరైనా ఆడనిస్తారు, ఒలింపిక్స్‌లో మాత్రం ఇద్దరికీ ఒకే దేశం పౌరసత్వం ఉండాలి. అంటే మాసో జర్మన్ భాష పరీక్ష పాసవ్వాలన్నమాట, అది అతనికి త్రో జంప్ కన్నా కష్టమైంది పాపం, తప్పి మళ్ళీ రాశాడు. పౌరసత్వం వచ్చింది 2017 నవంబర్లో, ఒలింపిక్స్ ఫిబ్రవరిలో!

తీరా అక్కడికి వెళ్ళాక షార్ట్ ప్రోగ్రాంలో, అంటే మొదటి రోజు ఆడే చిన్న ప్రదర్శనలో, మాసో మూడు చుట్ల సాల్కో అనే గెంతుని రెండే చుట్లకి తిరిగాడు. 76.59 పాయింట్లు, నాలుగో స్థానం, ముందున్న చైనా జంట సూయ్ వెన్‌జింగ్, హాన్ సాంగ్‌లకి 82.39. మర్నాడు, ఫిబ్రవరి 15న, ఫ్రీ స్కేట్ అనే పెద్ద ప్రదర్శనలో వీళ్ళు దిగారు చూడండి, ఒక్క తడబాటు లేదు, ఎత్తినా విసిరినా గాలి తీసుకెళ్ళినట్టే ఉంది. 159.31, అప్పటికి వరల్డ్ రికార్డు. కానీ వీళ్ళ తర్వాత ఇంకా మూడు జంటలు ఆడాలి, వాళ్ళ స్కోర్లు వచ్చేదాకా కూర్చుని చూడ్డం తప్ప చేసేదేమీ లేదు. చివరికి రెండు రోజులవీ కలిపి వీళ్ళకి 235.90, చైనా వాళ్ళకి 235.47. అంటే 0.43 తేడా. ఐదు ఒలింపిక్స్, ముగ్గురు పార్ట్‌నర్లు, ఇన్నేళ్ళ తర్వాత వచ్చిన గోల్డ్ అది. తర్వాతి నెల మిలాన్‌లో ఆరో వరల్డ్ టైటిల్ కూడా కొట్టేసి పోటీలకి దూరమయ్యారు.

ప్ర: మన హైదరాబాదులో మంచు ఎక్కడిది గానీ, పెయిర్స్ ఆడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మా పాప చక్రాల స్కేట్లతో బాగా ఆడుతుంది. (హైదరాబాద్, ఒక తల్లి)

జ: ఉన్నారండీ, అదీ మీ చక్రాల మీదే. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు బ్రాంజ్‌లు తెచ్చాడు, ఒకటి సింగిల్స్‌లో, రెండోది అవని పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో. ఎత్తడాలూ తిప్పడాలూ అక్కడా ఉంటాయి, కింద మంచు బదులు గచ్చు, పడితే దెబ్బ ఇంకా గట్టిగానే తగులుతుంది. పాపని ముందు సింగిల్స్‌లో స్థిరపడనివ్వండి, లిఫ్టులు మాత్రం కోచ్ పక్కన లేకుండా, ఇంట్లో అన్నయ్యతో అస్సలు ట్రై చేయనివ్వకండి.